ముఖం లేని పెళ్ళిచూపులు

విజయనగరం,
8 జూన్ 1995

కల్యాణికి,

ఉత్తరం రాయమంటే బొమ్మలు పంపే పిల్లకి అత్త దీవెనలు.

నువ్వు పంపిన కొత్త కామిక్స్ పుస్తకం అందింది. రెండుసార్లు చదివాను. చదివాను అంటే చూశాననుకో, హిందీ నాకు అక్షరం ముక్క రాదు కదా. అయినా నువ్వు వేసిన బొమ్మలుండగా మాటలతో నాకు పనేముంది? ఆ గడ్డపాయన మీ హీరో భట్టీరాజ్‌కి తండ్రి అని నాలుగో పేజీలోనే తెలిసిపోయింది. కన్నకొడుకుని గుర్తుపట్టక అంత లావు ఇనపకడ్డీ పెట్టి కొట్టాడే, నా కడుపు తరుక్కుపోయింది. మా వీధి పిల్లల్ని కూర్చోబెట్టి కథంతా చెప్పాను. వచ్చే నెల ఆయన పశ్చాత్తాపపడినట్టు వెయ్యి. ఇంకో మాట. ఉక్కు కొలిమిలోంచి పుట్టిన వీరుడు కాబట్టి చొక్కా తొడుక్కోడని చెప్పావు, బాగానే ఉంది. చలికాలం సంచికలోనైనా ఓ కండువా కప్పకూడదా?

ఇక అసలు సంగతి. మా వెనక వీధి కనకరత్నం నీకు గుర్తుండే ఉంటుంది, నేను తెలుగు చెప్పిన బళ్ళోనే కుట్లు నేర్పేది. ఆవిడ అక్కగారు మీ దగ్గరే, భిలాయి-3లో రైల్వే క్వార్టర్స్‌లో ఉంటారు. ఆవిడ రెండో కొడుకు మనోజ్‌కుమార్, ముప్ఫై ఏళ్ళు. యార్డులో గూడ్సు బళ్ళు బయల్దేరేముందు వాటి కింద దూరి అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం. బుద్ధిమంతుడట. పద్ధెనిమిదో తేదీ ఆదివారం సాయంత్రం వాళ్ళు మీ ఇంటికి వస్తారు. మీ నాన్నకి విడిగా కార్డు రాశాను.

వాళ్ళ ముందు నీ కామిక్స్ సంగతి ఎత్తకు. అబద్ధమాడమనడం లేదు, ఎత్తవద్దంటున్నానంతే. కనకరత్నం అక్కగారు పాతకాలం మనిషి. కోడలు ఇంట్లో కూర్చుని కండలవాళ్ళ బొమ్మలు వేస్తుందంటే ఆవిడకి మింగుడుపడదు. ఏమిష్టం అని అడిగితే వంట, కుట్టు, భక్తిపాటలు అను. పెళ్ళయ్యాక సంగతి పెళ్ళయ్యాక.

అబ్బాయిని నేనూ చూడలేదు. కనకరత్నం దగ్గరున్న ఫొటోలో అతనికి పదేళ్ళు, పక్కన మేకపిల్ల. అందుకని వాళ్ళు వెళ్ళగానే, చూసినవాణ్ణి చూసినట్టు బొమ్మ వేసి పంపు. నువ్వు రాసే నాలుగు ముక్కల్లో నాకేమీ తెలియదు. బాగున్నాను, బాగున్నావా, ఉంటాను. చిన్నప్పట్నుంచీ అంతేగా. నీ మనసులో ఏముందో బొమ్మలోనే దొరుకుతుంది. ఫోను మాట ఎత్తకు. ఆ ఎస్.టి.డి. బూత్‌లో గాజు తలుపు వేసుకుని అరవడం నా వల్ల కాదు, నా చెవుల సంగతి నీకు తెలుసు.

వేళ్ళకి ఆ నల్లసిరా మరకలు ఆ ఒక్కరోజుకైనా కడుక్కో.

వరలక్ష్మత్త


రుఆబాంధా, భిలాయి,
12 జూన్ 1995, సోమవారం

అత్తకి,

నాలుగు ముక్కలే రాస్తానని దెప్పావు కాబట్టి పంతం పట్టి రాస్తున్న కల్యాణి నమస్కారాలు.

ఆదివారం వాళ్ళు రావడం నాకు అభ్యంతరం లేదు. వాళ్ళు ఎంచుకున్న వారమే నాకు చిక్కు. వచ్చే సోమవారం బొమ్మల పార్సిల్ ఇండోర్‌కి వెళ్ళాలి. ముప్ఫైరెండు పేజీల్లో పదహారు ఇంకా మిగిలున్నాయి. ఈ నెల కథలో దొంగలు ఒక గూడ్సు బండిని మొత్తం ఎత్తుకుపోతారు. కథ రాసే ఆయనకేం, ఇండోర్‌లో కూర్చుని 'యాభై ఎనిమిది డబ్బాల రైలు లోయలో వంకర తిరిగింది' అని ఒక్క లైను రాసేస్తాడు. ఆ యాభై ఎనిమిదీ వెయ్యాల్సింది నేను. పుస్తకం అచ్చువేసేవాళ్ళు ఇంకా నన్ను మగవాణ్ణనే అనుకుంటున్నారు. ప్రతి ఉత్తరం మీదా 'శ్రీమాన్ కె. ధర్మారావు జీ' అని ఉంటుంది, కె. అంటే కల్యాణి అని వాళ్ళకి తెలియదు. పుస్తకం మీద ఎవరి పేరూ వెయ్యరు కాబట్టి నేనూ దిద్దలేదు.

కూలర్ ముందు కూర్చుంటే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే చెమట బొట్లు సిరా మీద పడతాయి. అమ్మ తడి తువ్వాలు నా మెడ మీద వేసి వెళ్తుంది. నా బల్ల ఎదురుగా గోడ నువ్వు చూశావు కదా, ఇప్పుడది ఇంకా నిండిపోయింది. బబుల్‌గమ్‌లో వచ్చే క్రికెట్ ఆటగాళ్ళ స్టిక్కర్లు, సినిమా పత్రికల్లోంచి కత్తిరించిన చేతులు, పాదాలు, బూట్లు, గాలికి ఎగిరే పైటలు. 'ఈ పిల్ల హీరోల తలకాయలు కోసి పారేసి చేతులు దాచుకుంటాది,' అని అమ్మ పక్కింటావిడకి చెబుతుంది. నాకు కావలసినవి చేతులేనని చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

వంట, కుట్టు, భక్తిపాటలు అనమన్నావు. వంట వచ్చు. కుట్టు రాదు. భక్తిపాట ఒకటే వచ్చు, అది ఆదివారం పొద్దున టీవీ సీరియల్‌కి ముందు వచ్చేది, అందులోనూ సగమే. అయినా నువ్వన్నట్టే అంటాను. ఆదివారం సాయంత్రం టీవీలో సినిమా ఉంటుంది కాబట్టి నాన్న వాళ్ళని నాలుగింటికే రమ్మని కబురుపెట్టారు.

ఒక్కటి మాత్రం చెప్పనీ. నాకు పెళ్ళంటే భయం లేదు. వెళ్ళినచోట నాకొక బల్ల, దానికొక కిటికీ ఉండవేమోనని భయం. నెలనెలా పార్సిల్‌కి ముందు వారం నేను మనిషిని కాను. ఎవరైనా పిలిస్తే వినబడదు, పొయ్యి మీద పాలు పొంగినా చూడను. ఇది దాచిపెట్టి ఒక ఇంట్లో అడుగుపెడితే ఎన్నాళ్ళు దాగుతుంది? నా వేళ్ళు చూస్తేనే తెలిసిపోతుంది. మూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఇది మానేస్తే నాలో ఇంకేం మిగులుతుందో నాకు తెలియదు.

మరకలు పోవడం లేదు. నిమ్మచెక్క కూడా అయింది.

కల్యాణి


విజయనగరం,
16 జూన్ 1995

కల్యాణికి,

నీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివిన అత్త దీవెనలు.

ఇన్నేళ్ళలో నువ్వు నాకు రెండు పేజీలు రాయడం ఇదే మొదలు. అందుకని నేనూ ఎవరికీ చెప్పనిదొకటి రాస్తాను.

నీకు గోడ నిండా చేతులున్నట్టు నాకూ ఒకప్పుడు ఇష్టాలుండేవి. సినిమా హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవారు. పల్చటి కాగితం, ముందు అట్ట మీద హీరోయిన్ బొమ్మ. నలభై దాకా పోగుచేశాను. రేకు పెట్టెలో పెట్టుకుని అత్తవారింటికి పట్టుకెళ్ళాను. నెల తిరక్కుండా అవన్నీ స్నానాల నీళ్ళపొయ్యిలోకి పోయాయి. ఎవరూ కోపంతో చెయ్యలేదు, కాగితాలే కదా అనుకున్నారంతే. నేనూ నోరెత్తలేదు.

మీ మామయ్య చెడ్డవాడు కాదు. పోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆయన నన్ను చూడటానికి వచ్చిన రోజు, తలుపు సందులోంచి ఆయన్ని చూసి, నాకొద్దని మా అమ్మ చెవిలో చెప్పాను. నాకప్పుడు పదహారేళ్ళు. అమ్మకి వినబడింది. వినబడనట్టు పిండి జల్లించుకుంటూ ఉండిపోయింది. నలభై రెండేళ్ళయింది. ఆ జల్లెడ చప్పుడు నాకింకా తెలుసు.

నీకు అలా జరగనివ్వను. అబ్బాయి నచ్చకపోతే మీ అమ్మకీ నాన్నకీ చెప్పలేకపోవచ్చు. నాకు మాట రాయలేకపోతే బొమ్మ చాలు. నేను చదువుకుంటాను. మిగతాది నాకు వదిలెయ్యి. బల్ల సంగతీ, కిటికీ సంగతీ నాకు గుర్తుంటాయి.

పాలు పొంగినా చూడననడం మాత్రం వాళ్ళ ముందు అనకు.

వరలక్ష్మత్త


రుఆబాంధా,
18 జూన్, ఆదివారం

అత్తకి,

వాళ్ళు వెళ్ళి గంటయింది, ఇంతసేపూ బొమ్మే వేశాను. నాన్న స్టేషన్ వైపు వెళ్తున్నారు, అక్కడే పోస్టు చేస్తారట. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. గబగబా రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. వాళ్ళమ్మగారు అడిగితే వంట, కుట్టు, భక్తిపాటలు అన్నాను. తర్వాత నాన్న ఆయన్ని, 'మీకేటి ఇష్టం బాబూ?' అని అడిగారు. వీడియోలో ఫైటింగ్ సినిమాలు, రేడియోలో క్రికెట్టు, కామిక్స్ అన్నాడు. ముప్ఫై ఏళ్ళ మనిషి అత్తా. అంతటితో ఊరుకోలేదు. టీపాయ్ కింద నా పుస్తకం కనబడితే తీసి మోకాలి మీద పెట్టుకుని, 'భట్టీరాజ్ నాకు ఫేవరెటండి. మా యార్డులో అందరం మార్చుకుని చదువుతాం. కానీ ఈ బొమ్మలేసినాయన ఎవరో గానీ జన్మలో వ్యాగన్ కింద దూరలేదండి. కప్లింగ్ పూరా గలత్, మొత్తం తప్పు వేసీసాడు,' అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. 'బళ్ళ కింద ఎవరు చూస్తారండీ?' అన్నాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. 'నేను చూస్తానండి. అదే నా నౌకరీ,' అన్నాడు. ఆ తర్వాత పావుగంటసేపు డబ్బాకీ డబ్బాకీ ఎలా తగిలిస్తారో అదే గోల. పకోడీలు చల్లారిపోయాయి. టీవీలో సినిమా మొదలైపోయింది. ఆయన పుణ్యమా అని ఈ నెల గూడ్సు బండి పేజీలు రెండు మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలి. రేపే పార్సిల్. నాకు ఏడుపొస్తోంది.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. నువ్వడిగిన బొమ్మ ఇందులో పెట్టాను. చూసుకో.

కల్యాణి


విజయనగరం,
22 జూన్ 1995

కల్యాణికి,

ఏ దిగులూ పెట్టుకోవద్దని అత్త దీవెనలు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. బొమ్మ విప్పి బల్ల మీద పరిచాను. మీ నాన్న బట్టతల మీద ఫ్యాను నీడతో సహా వేశావు. పళ్ళెంలో పకోడీలు లెక్కపెట్టుకోవచ్చు. వాళ్ళమ్మగారి ముక్కుపుడక కూడా ఉంది. అతని చొక్కా గుండీలున్నాయి, మణికట్టు మీద గడియారం ఉంది. మెడ మీద మాత్రం ఏమీ లేదు. ఉత్త తెల్ల కాగితం.

నాకు వెంటనే పాత సంగతి గుర్తొచ్చింది. నీకు ఆరేళ్ళప్పుడు ట్యూషన్ మాస్టారు నీ వేళ్ళ మీద స్కేలుతో కొడితే, నువ్వు ఇంటికొచ్చి ఆయన బొమ్మ వేసి ముఖం వదిలేశావు. ఎందుకే అంటే, 'ఆడి మొకం నాను చూడను,' అన్నావు. అది నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. పైగా ఆ చేతులు. వేళ్ళు కొక్కేల్లా వంచి, ఒకదానిలో ఒకటి దూర్చి బిగించాడు. ఆ పట్టు చూస్తే నాకే ఊపిరాడలేదు. ఒళ్ళు మండిందని రాశావు, ఏడుపొస్తోందని రాశావు, వచ్చీ రాగానే నీ పనికే వంకపెట్టాడని రాశావు. ఇంతకన్నా ఏం చెప్పాలి ఒక ఆడపిల్ల?

సాయంత్రమే కనకరత్నం ఇంటికి వెళ్ళాను. మా పిల్లకి ఇష్టం లేదు, ఇంతటితో వదిలెయ్యండి అన్నాను. 'అదేటొదినా, వాళ్ళకి నచ్చిందని నిన్ననే ఫోను చేసినారు. ఇప్పుడిలాగంటే మా అక్కకి నానేటి చెప్పాల?' అంది. 'వాళ్ళకి నచ్చితే సరిపోతాదా, పిల్లకి నచ్చొద్దా?' అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. కల్యాణీ, మెట్లు దిగుతుంటే మనసు తేలికపడింది. నాకు ఎవరూ చెయ్యనిది నీకు చేశాను.

మీ నాన్న ఏమైనా అంటే నా పేరు చెప్పు. నిశ్చింతగా నీ బొమ్మలు నువ్వు వేసుకో.

వరలక్ష్మత్త


రుఆబాంధా,
26 జూన్ 1995

అత్తా,

దీవెనలకీ నమస్కారాలకీ ఓపిక లేదు.

నాకు ఆయన నచ్చాడు. ఈ ముక్క పద్ధెనిమిదో తారీఖునే రాయాల్సింది. రాయలేదు. సిగ్గేసింది. బొమ్మలో నీకే తెలుస్తుందిలే అనుకున్నాను.

నేను ఎవరికీ ముఖం ముందు వెయ్యను అత్తా. పుస్తకం మొత్తం, ముప్ఫైరెండు పేజీలు, ముఖాలు ఖాళీగా వదిలేసి అన్నీ పూర్తి చేస్తాను. ఆఖరి రోజు కూర్చుని, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క ఊపున ముఖాలు వేస్తాను. అలాగైతేనే భట్టీరాజ్ అన్ని పేజీల్లోనూ ఒకే మనిషిలా ఉంటాడు. రోజుకి కొన్ని చొప్పున వేస్తే ముక్కు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి అయిపోతుంది. మూడేళ్ళ నుంచీ నా చెయ్యి అలాగే అలవాటుపడింది. ఆ రోజు ముఖం దగ్గరికి వచ్చేసరికి నాన్న చెప్పులేసుకుని నిలబడ్డారు.

ఇంకో నిజం కూడా చెబుతాను, నవ్వినా సరే. నాన్న ఆగినా నేను వెయ్యలేకపోయేదాన్ని. ఆయన ముఖం నేను చూడలేదు. గొలుసులూ కొక్కేలూ గూడ్సు బళ్ళకి ఎప్పుడో పోయాయనీ, ఇప్పుడు రెండు ఇనప పిడికిళ్ళు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ, తన రెండు చేతులూ అలా పెట్టి చూపించాడు. ఆ చేతులే చూస్తూ కూర్చున్నాను. గోళ్ళ చుట్టూ గ్రీజు, కడుక్కున్నా పోనిది. నా వేళ్ళకి సిరా పోనట్టే. అందుకే అంత జాగ్రత్తగా వేశాను. నువ్వు ఊపిరాడలేదన్నది వాటినే. మీసం ఉందో లేదో తర్వాత అమ్మని అడిగాను. అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ రెండు పేజీలూ మళ్ళీ వేశాను. ఏడుపొచ్చింది పని ఎక్కువై, ఆయన చెప్పింది నిజమై. మూడేళ్ళలో నా బొమ్మని అంత దగ్గరగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. పార్సిల్ ఒకరోజు ఆలస్యంగా వెళ్ళింది, ఇండోర్ నుంచి తిట్లు వస్తాయి, రానీ.

గురువారం ఆయన డ్యూటీ మీద నాన్న పనిచేసే స్టీల్ ప్లాంటుకి వచ్చి నాన్నకి ఒక కవరు ఇచ్చి వెళ్ళాడు. లోపల కప్లింగ్ బొమ్మ, నాలుగు వైపుల నుంచీ, స్కేలు పెట్టి గీసినది. చిన్నపిల్లలు వేసినట్టుంది. కింద హిందీలో రాశాడు, 'మీరు ఆ పుస్తకం వాళ్ళకి ఎప్పుడైనా ఉత్తరం రాస్తే ఇది ఆ చిత్రకారుడికి పంపండి. ఆయనంటే నాకు గౌరవం.' నవ్వుకుంటూ నాలుగు రోజులు దాచుకున్నాను. ఇవాళ నీ ఉత్తరం వచ్చింది.

నీ బూత్‌కి ఫోను చేద్దామనుకున్నాను. నీకు వినబడదు, వినబడినవాళ్ళు వీధంతా చెబుతారు.

ఇంకొకటి. ఆ గడ్డపాయన భట్టీరాజ్‌కి తండ్రి కాదు. మారువేషంలో ఉన్న పోలీసు. కిందటి సంచికలో నువ్వు భట్టీరాజ్ కూతురనుకున్న పాప కూతురు కాదు, మంత్రగత్తె. నువ్వు ఒక్క కథా సరిగ్గా చదవలేదు అత్తా. నువ్వు చెప్పే కథలే బాగుంటాయని నేను దిద్దలేదు. ఆ తప్పు నాదే.

కానీ ఇది పుస్తకం కాదు కదా. మీ అమ్మగారు నీ మాట విననట్టు ఊరుకున్నారు. నువ్వు నా మాట అడగనే లేదు. రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

కల్యాణి


విజయనగరం,
30 జూన్ 1995

కల్యాణికి,

తప్పు చేసిన అత్త రాస్తోంది.

నీ ఉత్తరంలో చివరి రెండు మాటలు చదివి ఒక పూట మంచం మీదే కూర్చున్నాను. తేడా ఏమీ లేదు. మా అమ్మ చెవులుండి వినలేదు, నేను కళ్ళుండి చూడలేదు. ఆ రోజు కనకరత్నం గుమ్మంలో నిలబడి అంత గట్టిగా వద్దన్నది నీకోసం అనుకున్నాను. కాదు. తలుపు సందులో నిలబడ్డ ఆ పదహారేళ్ళ పిల్ల కోసం అన్నాను. దానికి న్యాయం చేద్దామని నీకు అన్యాయం చేశాను. నన్ను తిట్టు, ఎన్ని తిట్టినా పడతాను. ఉత్తరాలు మాత్రం మానకు.

నిన్న మళ్ళీ కనకరత్నం దగ్గరికి వెళ్ళాను. కూర్చోమనలేదు. నిలబడే అంతా చెప్పాను, ముఖాలు చివర్న వేస్తావని కూడా. 'ఒకపాలి వద్దన్నారు, ఇప్పుడు కావాలంతన్నారు. మళ్ళీ రేపేటంతారో. మా అక్క ఇప్పటికే మనసు కష్టపెట్టుకుంది,' అంది. టాటానగర్‌లో వాళ్ళకి తెలిసినవాళ్ళ పిల్ల ఉందట. రైల్వే పాస్ కూడా రాయించేశారట. వచ్చే ఏడో తేదీ శుక్రవారం తల్లీ కొడుకూ బయల్దేరుతున్నారు. అబ్బాయి ఏమన్నాడని అడిగాను. అమ్మ ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానన్నాడట. ఆ మాట నాకు మంచిగా అనిపించలేదు, నీకు దాచకూడదని రాస్తున్నాను.

ఇక అక్కడ నా మాట చెల్లదు. పదిమందికి పెళ్ళిళ్ళు కుదిర్చానని విర్రవీగేదాన్ని. నువ్వు వెళ్ళి మాట్లాడతావో, ఊరుకుంటావో, మీ నాన్నని పంపుతావో, నేను చెప్పను. చెప్పాలని నోరు దురద పెడుతోంది. అయినా చెప్పను.

ఒక్కటి మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. కామిక్స్ సంగతి ఎత్తవద్దన్నాను కదా. ఆ సలహా ఇచ్చింది నీళ్ళపొయ్యి ముందు నోరు మూసుకున్న మనిషి. నువ్వు వినక్కర్లేదు.

వీధి పిల్లలకి గడ్డపాయన పోలీసని చెప్పాను. ఎవరూ ఒప్పుకోలేదు.

వరలక్ష్మత్త


రుఆబాంధా,
5 జూలై 1995, బుధవారం

అత్తకి,

కోపం తగ్గిన కల్యాణి నమస్కారాలు. తిట్టే ఉత్తరం ఒకటి సగం రాసి చించేశాను. నీ ఉత్తరం చదివాక నిన్ను తిట్టడానికి నాకు మనసొప్పలేదు.

నిన్న భిలాయి-3 వెళ్ళాను. నాన్నకి మొత్తం చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత లేచి, 'ఆడికి రెండింటికి డ్యూటీ దిగుతాది. పద,' అన్నారు. స్కూటర్ మీద వర్షంలో తడుస్తూ వెళ్ళాం. అమ్మకి పంచదార తేవడానికని చెప్పాం. ఆవిడకి అనుమానం వచ్చింది, ఇంట్లో పంచదార నిండుగానే ఉంది.

యార్డులోకి మమ్మల్ని రానివ్వరు కదా. గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. రెండున్నరకి వచ్చాడు. నీలం చొక్కా, చేతిలో సుత్తి. ముఖం చూశాను అత్తా, ఈసారి ముందు ముఖమే చూశాను. మీసం ఉంది. అలిసిపోయి ఉన్నాడు. నన్ను చూసి ఆగిపోయాడు, తర్వాత నాన్నకి నమస్తే చెప్పాడు. నాన్న టీ గ్లాసు తీసుకుని కొట్టు అవతలి పక్కకి వెళ్ళి నిలబడ్డారు.

దారంతా నేర్చుకున్న మాటలన్నీ పోయాయి. ముందు ఇదే వచ్చింది. 'వద్దన్న మాట నాది కాదండి. నేను రాయాల్సింది రాయక, మా అత్త తప్పుగా అర్థం చేసుకుంది. తప్పు మా ఇద్దరిదీ,' అన్నాను. ఆయన సుత్తి కింద పెట్టాడు. 'నాకు కుట్టు రాదు. భక్తిపాటలు రావు. ఆ భట్టీరాజ్ బొమ్మలు వేసేది నేనే. కప్లింగ్ తప్పు వేసింది నేనే,' అన్నాను.

'మీరా? అరే, మీ ఇంట్లోనే కూచుని మీ ముందే గలత్ అనీసానా?' అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చేతి గ్రీజంతా జుట్టుకి అంటింది. ఆ రెండు పేజీలూ మళ్ళీ వేశానని చెబితే, కప్లింగ్ విప్పడానికి డబ్బా పక్కన ఎత్తే పిన్ను వేశారా లేదా అని అడిగాడు. వెయ్యలేదు. అదీ మర్చిపోయానట.

తర్వాత నేను దాచకుండా అన్నీ చెప్పేశాను. నెలకి ముప్ఫైరెండు పేజీలు. ఒక బల్ల, ఒక కిటికీ. పార్సిల్‌కి ముందు వారం నేను వంట చెయ్యను, పిలిస్తే పలకను. పెళ్ళయినా మానను. ఆయన విని, 'మా అమ్మ ఒప్పుకోదండి. జూట్, అబద్ధం ఎందుకు చెప్పాలి,' అన్నాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. 'ఒప్పుకోవడానికి టైము పడతాది. ఏడాది కూడా పట్టొచ్చు. నేను సెప్తాను, రోజూ సెప్తాను. బల్లకి చోటు ఉంది. కిటికీ యార్డు వైపు ఉంటాది, దుమ్ము వస్తాది,' అన్నాడు. అమ్మ ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాననడం గురించి అడిగాను. మీరు వద్దన్నాక ఎక్కడికి వెళ్తే ఏమిటని అలా అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

'శుక్రవారం టాటానగర్ వెళ్ళాలండి. పాస్ తీసీసారు. నన్నేటి చెయ్యమంటారు?' అని అడిగాడు.

నన్ను ఇలా ఎవరూ అడగలేదు అత్తా. ఏ చీర కట్టుకోవాలో చెప్పారు, ఏమిష్టమని చెప్పాలో చెప్పారు. కాగితం ఉంటే ఏదో గీసి ఇచ్చేదాన్నే, చేతిలో ఏమీ లేదు. వర్షం, వెనకాల యార్డులో డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు. 'వెళ్ళొద్దు,' అన్నాను. నాకే వినబడలేదు. ఊపిరి పీల్చుకుని, 'మీరు వెళ్ళొద్దండి,' అని అరిచాను. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నాన్న మాత్రం తిరగలేదు. భుజాలు కదలడం కనబడింది, నవ్వారో ఏడ్చారో నాకు తెలియదు, నేను అడగలేదు.

రాత్రి ఆయనే వాళ్ళమ్మగారితో చెబుతానన్నాడు. చెప్పే ఉంటాడు. ఇంకా ఏ కబురూ రాలేదు. ఆవిడ ఏమంటారో నాకు తెలియదు, భయంగానే ఉంది. కనకరత్నంగారి దగ్గరికి నువ్వు మళ్ళీ వెళ్ళకు, ఆవిడ కూర్చోమనే రోజు వచ్చినప్పుడు వెళ్దువుగాని.

నా బదులు నువ్వొకసారి వద్దన్నావు. ఈసారి వద్దన్నది నేను. ఆయన నాకు కావాలి కాబట్టి అన్నాను.

నీ
కల్యాణి